మిగిలిపోయిన సలాం

ఆసియాకు ఆ కల మధ్యాహ్నం నిద్రలోనే వచ్చేది.

తెల్లటి వెలుతురు నిండిన హాలు. గోడలు ఎక్కడున్నాయో కనిపించవు. కాళ్ల కింద నీలం చాపలు నీళ్లలా మెల్లగా కదులుతుంటాయి. ఎదురుగా, కాస్త దూరంలో, తెల్ల బట్టల్లో ఒక అమ్మాయి ముఖం అటు తిప్పుకుని నిలబడి ఉంటుంది. ఇద్దరి మధ్యా రెఫరీ ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడి ఉంటాడు. జనం ఉన్నారని తెలుస్తుంది గానీ చప్పుడుండదు. ఆసియా తల వంచాలనుకుంటుంది. మెడ వంగదు. ఆ అమ్మాయి ఒక్కసారి ఇటు తిరిగితే బావుండునని చూస్తూ చూస్తూ ఉండగానే మెలకువ వచ్చేస్తుంది.

"మళ్ళీ అదేనా?" అనేది పక్క మంచం మీద తస్బీ పూసలు తిప్పుకుంటున్న నానీ, అంటే అమ్మమ్మ మస్తాన్ బీ.

"అదే నానీ. ఆ పిల్ల ఇటు తిరగదు."

లేచి మొహం కడుక్కుని పనిలో కూర్చున్నా కల పూర్తిగా వదిలేది కాదు. ఆసియాది మగ్గం పని. పెళ్లి జాకెట్లకు పూసలూ జరీ కుడుతుంది. ఇదివరకు నేల మీద మఠం వేసుకుని కుట్టేది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక నాన్న ఫిరోజ్ మగ్గం కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేశాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, కుడి కాలు చాపుకుని, సూది దించుతూ పైకి లాగుతూ ఉంటే, ఎడమ భుజం కింద కాలరు దగ్గర ఎవరిదో గుప్పెట బిగిసినట్టుండేది. చూసుకుంటే ఏమీ ఉండదు. దుపట్టా అంచు గాలికి ఊగుతుంటుంది. కింద అంగట్లో నాన్న కుట్టుమిషన్లు బాగు చేస్తున్న చప్పుడూ, దూరంగా తెనాలి స్టేషన్‌లో బండి కూతా వినిపిస్తాయి. ఆ గుప్పెట మాత్రం కాలరు మీదే ఉంటుంది.

ఆ గుప్పెట ఎవరిదో ఆసియాకు తెలుసు. రేపల్లె అమ్మాయి దీవెనది.

*

కాలేజీలో ఉన్నప్పుడు జూడోలో చేరింది ఆసియా. నేర్పేది ఎజ్రా మాస్టారు, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మూతపడ్డ బియ్యం మిల్లు గోడౌనే ఆయన హాలు. ఎంత కడిగినా అక్కడ తవుడు వాసన పోయేది కాదు. ఎవరూ రాకముందే వచ్చి చాపలన్నీ తడిగుడ్డతో ఆయనే తుడిచేవారు. పిల్లలు సాయం చేస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "ఇది నా నమస్కారంరా, నన్ను చేసుకోనివ్వండి" అనేవారు.

ఆటకు ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వంగాలి. అయిపోయాక మళ్ళీ వంగాలి. మొదటి రోజు ఆ మాట విని ఇంటికొచ్చిన ఆసియాను మస్తాన్ బీ ఆపేసింది.

"తల వంచేది అల్లా ముందరే. ఇంకెవరి ముందరా కాదు. అక్కడికి పోబాకు."

ఆసియా మానేసింది. కొన్నాళ్లు చూసి ఎజ్రా మాస్టారే హెల్మెట్ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చారు. టీ తాగారు. తరువాత నెమ్మదిగా అన్నారు.

"మామ్మగారూ, అది దండం కాదండి. ఈ ఆటలో ఒకళ్లనొకళ్లు పడేసుకుంటాం. ఎదుటి పిల్ల మెడా నడుమూ మన చేతుల్లో ఉంటాయి. పట్టుకోబోయే ముందు ఆ పిల్లకో మాట చెప్పాలి కదండి, నిన్ను జాగ్రత్తగా పడేస్తాను, నువ్వూ నన్ను జాగ్రత్తగా పడెయ్ అని. నోటితో చెప్పకుండా ఒంటితో చెబుతాం. అంతేనండి."

"మరి అయిపోయాక మళ్ళీ ఎందుకంట?"

"చూసుకున్నందుకండి. నా ఒళ్లు నాకు తిరిగిచ్చావు, నువ్వు చల్లగా ఉండు అని."

మస్తాన్ బీ తస్బీ పూసల మీద వేళ్లు ఆపింది.

"అట్టయితే అది సలామే కదయ్యా."

"సలామే అనుకోండి."

"సరే. నడుం దాకా వంగొద్దు, అది నమాజులోది. గుండె మీద చెయ్యి పెట్టుకుని కాస్త తల వంచు చాలు." మనవరాలి వైపు తిరిగింది. "సలాం చెబితే బదులు రావాలి. బదులు వచ్చిందాకా అక్కణ్ణించి కదలబాకు. సగంలో వదిలేసిన సలాం మంచిది కాదు బేటీ."

ఆ రోజు నుంచీ ఆసియా వంగడం అలాగే ఉండేది. కుడి అరచెయ్యి గుండె మీద, చూపు ఎదుటి మనిషి పాదాల దగ్గర. హాల్లో మిగతా పిల్లలకు అది ఆసియా సలాం. ఇంకా తనకంటూ కొన్ని ఉండేవి. బెల్టు ముడి వేసుకుంటూ బిస్మిల్లా అనుకునేది. చాప మీద అడుగు పెట్టబోయే ముందు అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు ఒక్క క్షణం ఉంచేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "లేచిందో లేదో చూస్తున్నా" అని నవ్వేది.

*

బాపట్లలో జిల్లాల పోటీలు పెట్టారు. అద్దెకు తీసుకున్న ఓ కల్యాణమండపంలో చాపలు పరిచారు. అంతకుముందు జరిగిన పెళ్లి తాలూకు కాగితం పూల దండలు కప్పు నుంచి ఇంకా వేలాడుతున్నాయి. తలుపుల్లోంచి సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా అవి చిన్నగా తిరుగుతున్నాయి.

ఫైనల్లో ఆసియాకు ఎదురు నిలబడింది దీవెన. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చాప ఎక్కబోయే ముందు మెళ్ళో సిలువ గొలుసు తీసి, ముద్దు పెట్టుకుని, తండ్రి అరచేతిలో పెట్టింది. ఆ తండ్రి దాన్ని రెండు చేతుల మధ్యా దాచుకుని నిలబడటం ఆసియా చూసింది. ఎందుకో ఆ పిల్ల మీద ఇష్టం కలిగింది.

సలాం చెప్పుకున్నారు. దీవెన బాగా కిందికి వంగింది. ఆసియా గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆట మొదలైంది.

దీవెన కుడిచెయ్యి వచ్చి కాలరు అందుకుంది. మంచి పట్టు. ఆసియా ఒంట్లో బరువంతా ఆ చేతిలోకి వెళ్లినట్టయింది. దీవెన గిర్రున తిరిగి నడుము మీదికి లాగింది. సరిగ్గా ఆ క్షణంలో రెండు చాపల మధ్య టేపు ఊడి, ఆసియా కుడి పాదం ఆ సందులో ఇరుక్కుంది. ఒళ్లు తిరిగింది. కాలు తిరగలేదు.

ఆ తరువాత అంతా నెమ్మదిగా జరిగినట్టు గుర్తు ఆమెకు. కప్పు దగ్గరికొచ్చింది. కాగితం పూలు తన చుట్టూ తిరిగాయి. నొప్పి ఇంకా రాలేదు. ఎవరి పెళ్లో, వాళ్లు ఇప్పుడెక్కడున్నారో అనుకుంది. దీవెన ముఖం పైనుంచి ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు. అప్పుడు నొప్పి వచ్చింది.

స్ట్రెచర్ మీద తీసుకెళ్లిపోయారు. రెఫరీ విజేతను ప్రకటించడం, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మళ్ళీ వంగడం, అవేవీ జరగలేదు.

*

గుంటూరులో ఆపరేషన్ అయింది. మోకాల్లో తెగిన లిగమెంటు స్థానంలో ఇంకోటి కుట్టారు. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, పోటీలు మాత్రం వద్దన్నారు డాక్టరు. నమాజుకు ఇప్పుడు ఇంట్లో రెండు కుర్చీలు. ఒకదాంట్లో కీళ్లనొప్పుల నానీ, పక్కదాంట్లో మనవరాలు.

ఎజ్రా మాస్టారు అప్పుడప్పుడూ చూడ్డానికి వచ్చేవారు. మంచు పడే రోజుల్లో ఒకసారి వచ్చినప్పుడు మాటల్లో అన్నారు.

"ఆ దీవెన లేదూ, ఆట మానేసిందంటమ్మా. అప్పట్నించీ ఒక్కసారి కూడా చాప ఎక్కలేదంట. వాళ్ల కోచ్ చెప్పాడు. ఎవరి కాలరు పట్టుకున్నా చేతులు వాటంతటవే వదిలేస్తున్నాయంట. ఇప్పుడు రొయ్యల చెరువుల మీద వాళ్ల నాన్నతో పాటు పనికి పోతోంది."

ఆసియా చేతిలో సూది ఆగిపోయింది. తన కాలరు మీద ఇన్నాళ్లుగా బిగిసి ఉన్న గుప్పెట గుర్తొచ్చింది. అక్కడ ఎవరినీ పట్టుకోలేని చెయ్యి, ఇక్కడ తనను వదలని చెయ్యి, రెండూ ఒకటే.

మాస్టారు వెళ్లాక ఆసియా వెళ్లి నానీ మంచం మీద కూర్చుంది.

"నానీ, ఆ పిల్ల కూడా అక్కడే నిలబడిపోయింది. మా ఆట ఇంకా అయిపోలా."

మస్తాన్ బీ ఆమె వంక చూసి, తస్బీ దిండు కింద పెట్టింది.

"సగం సలాం మీదే ఉండిపోయారన్న మాట. ఫోన్లో చెప్పేది కాదది. పోయి చెప్పి రా."

"ఒక్కదాన్నే నాన్న పంపడు."

"నేను లేనూ?"

*

రేపల్లె బండి పొద్దున్నే మంచులో బయలుదేరింది. ఆసియా ఒళ్లో సంచి ఉంది. అందులో మడత పెట్టిన తెల్ల డ్రెస్సూ బెల్టూ. కిటికీ బయట ఏమీ లేదు, తెలుపే. ఆ తెలుపులో ఒక తాటిచెట్టు తల తేలుతూ వచ్చి వెళ్లిపోయేది. కోసి పరిచిన వరి పనలు నిద్రపోతున్న మనుషుల్లా వరసలుగా కనిపించి కరిగిపోయేవి. వేమూరులో ఎవరో ఎక్కారు. గడ్డివాసన ఎక్కింది. బండి ఎక్కడా ఆగనట్టే, ఎక్కడికీ పోనట్టే ఉంది.

"ఆ పిల్ల తిట్టి పొమ్మంటే?" అంది ఆసియా.

"పోదాం."

"ఏడిస్తే?"

"ఏడవనీ. మనకేం తొందర? బండి సాయంత్రం కదా."

భట్టిప్రోలు దాటాక మంచులోకి ఎండ దిగింది. మస్తాన్ బీ మనవరాలి భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ఆమె ఊపిరి బండి ఊపుతో కలిసిపోయింది. ఆసియాకు కూడా కళ్లు మూతలు పడ్డాయి. కానీ ఆ కల రాలేదు. కాగితం పూలు మాత్రం కాసేపు తిరిగాయి.

రేపల్లెలో ఆటో మాట్లాడుకుని, మాస్టారు చెప్పిన గుర్తులతో చెరువుల దాకా వెళ్లారు. ఎటు చూసినా పలకల్లా పరుచుకున్న నీళ్లు. వాటిలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు గిరగిరా తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. మంచు ఇంకా పూర్తిగా విడిపోక, నీళ్లెక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గట్టు మీద రేకుల షెడ్డు. దాని ముందు ఎండబెట్టడానికి పరిచిన నీలం పట్టా. షెడ్డులోంచి ఒకాయన బయటికొచ్చాడు. ఆసియా పోల్చుకుంది. ఆ రోజు సిలువ గొలుసును అరచేతుల్లో దాచుకున్న తండ్రి, మాస్టారు చెప్పిన శాలేమురాజు.

ఆయనా పోల్చుకున్నాడు. చూపు ముందు ఆసియా మోకాలి మీద పడింది. ముఖం పాలిపోయింది.

"అమ్మగారూ, మా పిల్ల కావాలని చెయ్యలేదండి. ప్రార్థనలో ఈ పాప పేరు చెప్పని రోజు లేదండి."

"నాకు తెలుసు నాయనా," అంది మస్తాన్ బీ. "కావాలని చేసుంటే మేమెందుకొస్తాం? కాస్త కూర్చోడానికేదన్నా ఎయ్యి, నడుం పట్టేసింది."

ఆయన కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, గట్టు చివరికి కేకేశాడు. చాలా దూరంలో, మంచులో, చిన్న తెప్ప మీద నిలబడి మేత చల్లుతున్న మనిషి తిరిగి చూసింది. తెప్ప నెమ్మదిగా ఇటు వచ్చింది. తండ్రి చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది దీవెన. గట్టెక్కి, ఆసియాను చూసి, ఆగిపోయింది. వెంటనే అటు తిరిగి నిలబడింది.

అచ్చం కలలోలాగే ఉంది ఆ వీపు.

"దీవెనా, నేను ఆసియాని. తెనాలి."

"తెలుసు." గొంతు సన్నగా ఉంది. "కాలు ఎట్టా ఉంది?"

"నడుస్తున్నాను కదా. నడిచే వచ్చా."

దీవెన తిరగకుండానే మాట్లాడింది. "అంబులెన్స్ వెనకాల పరిగెత్తా నేను. తలుపేసేశారు. మెడల్ తీసుకోమని పిలిచారు, వెళ్ళలా. నీ మోకాలు టప్పుమన్న చప్పుడు నా చేతుల్లో ఉండిపోయింది. ఎవర్ని పట్టుకున్నా అదే. ఒకటి అడగనా? పడిపోయి కూడా నవ్వుతున్నావు నువ్వు. నా మొహం చూసి నవ్వావు. ఎందుకు నవ్విందా అని ఎన్నాళ్ళు అనుకున్నానో."

ఆసియాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమై, నిజంగానే నవ్వొచ్చింది.

"నిన్ను చూసి కాదు. పైన కాయితం పూలు తిరుగుతున్నాయి. ఎవరి పెళ్లో అనుకుంటున్నా."

అప్పుడు తిరిగింది దీవెన. కళ్లనిండా నీళ్లు. నోరు మాత్రం తెరుచుకుని ఉంది, నమ్మలేనట్టు.

"పూలా?"

"పూలే. ఒట్టు."

ఆసియా సంచి తెరిచి, తెల్ల డ్రెస్సు పైభాగం తన కుర్తా మీదే తొడుక్కుని బెల్టు కట్టుకుంది. పెదాలు కదిలాయి. పట్టా అంచున వంగి అరచెయ్యి ఆనించింది. ఎండకు గోరువెచ్చగా ఉంది.

"మన ఆట అయిపోలేదు. చివర్న వంగలా మనం. అందుకే వచ్చా."

దీవెన బకెట్టులో నీళ్లు ముంచుకుని కాళ్ల బురద కడుక్కుంది. మెళ్ళో గొలుసు తీసి, ముద్దు పెట్టుకుని, తండ్రికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుని షెడ్డు గుంజకు ఆనుకున్నాడు.

ఇద్దరూ పట్టా మీద ఎదురెదురుగా నిలబడ్డాక తెలిసింది, చెప్పడానికి రెఫరీ లేడని. ఇద్దరూ మస్తాన్ బీ వైపు చూశారు.

"నేనా?" అంది ఆమె. "నాకేం తెలుసే?"

"చెయ్యెత్తి, అయిపోయింది అను నానీ. తరవాత గెలిచిన వాళ్ల వైపు చెయ్యి చూపించు."

మస్తాన్ బీ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. పైట సర్దుకుంది. చేతికర్ర శాలేమురాజుకిచ్చి, పట్టా పక్కన నిటారుగా నిలబడింది. చెయ్యి పైకెత్తింది. నీళ్లలో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి గానీ వాటి చప్పుడు ఎక్కడో చాలా దూరాన్నుంచి వస్తున్నట్టుంది. ఆ చెయ్యి గాలిలో ఉన్నంతసేపూ ఆసియా దాన్నే చూసింది.

"అయిపోయింది," అంది మస్తాన్ బీ. చెయ్యి దించింది. "గెలిచిందెవరు?"

దీవెన తల దించుకుంది.

"దీవెన," అంది ఆసియా. ఆ మాట అంటుంటే ఇన్నాళ్లూ తను అనుకోని సంగతొకటి తెలిసింది. తను ఓడిపోయింది. అంతే. ఎవరో మంచి పట్టుతో, న్యాయంగా గెలిచారు. ఓడిపోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకు తెలియదు.

మస్తాన్ బీ దీవెన వైపు చెయ్యి చాపింది. "బాగా ఆడావు తల్లీ. ఇప్పుడు సలాం చెప్పుకోండి."

ఆసియా గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. ఎదురుగా బురద మరకలు పోని పాదాలు కనిపించాయి. దీవెన నడుము దాకా వంగింది. వంగి, ఇక లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. ఆసియా అలాగే ఉండిపోయింది. ఎవరూ తొందర చెయ్యలేదు. ఒక కొంగ పక్క చెరువు మీదుగా తెల్లగా ఎగిరిపోయింది.

"సలాం," అంది ఆసియా.

చాలాసేపటికి దీవెన లేచింది. చొక్కా చేతితో మొహం తుడుచుకుంది.

"వందనాలు," అంది. వాళ్ల సంఘంలో ఒకరికొకరు చెప్పుకునేదది.

మస్తాన్ బీ తృప్తిగా కుర్చీలో కూలబడింది. "హమ్మయ్య. రాజూ, మంచినీళ్ళేమన్నా ఉన్నాయా నాయనా?"

ఆయన షెడ్డులోకి పరిగెత్తాడు. పట్టా మీద ఇద్దరూ ఇంకా దిగలేదు. ఆసియా ఒకడుగు ముందుకేసింది.

"నా కాలరు పట్టుకో."

"వద్దు."

"పడెయ్యొద్దులే. ఊరికే పట్టుకో."

దీవెన చెయ్యి లేచింది. కాలరు తాకింది, వదిలింది, మళ్ళీ తాకింది. వేళ్లు ఒక్కొక్కటే మడుచుకున్నాయి. ఆసియా కూడా ఆమె చొక్కా కాలరు అందుకుంది. అలా పట్టుకుని ఇద్దరూ పట్టా మీద మెల్లగా, గుండ్రంగా నడిచారు. ఎవరూ ఎవరినీ లాగలేదు. ఎండ పెరిగింది. చెరువుల మీద మంచు లేచిపోతూ ఉంటే, నీళ్లలోంచి ఆకాశం నీలంగా బయటపడుతోంది.

*

ఆసియా తిరిగి పోటీలకు వెళ్లలేదు. మోకాలు ఒప్పుకోలేదు. ఆ కల మాత్రం మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం పడుకుంటే ఊరికే నిద్ర పట్టేది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, మిల్లు గోడౌన్ గుమ్మంలో దీవెన కనిపించింది. చంకలో డ్రెస్సు, పక్కన తండ్రి. లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. ఎజ్రా మాస్టారు తడిగుడ్డ పక్కన పెట్టి లేచారు.

"రా అమ్మా. ఇదిగో నీరజ, నీ బరువే ఉంటుంది. భయపడకు, దీనికి పడటం అలవాటే."

నీరజ నవ్వుతూ చాప మధ్యలోకి వచ్చింది. ఆసియా గోడ పక్కన కుర్చీలో కూర్చుంది, కాలు చాపుకుని. ఇద్దరూ వంగారు. పట్టుకున్నారు. దీవెన చేతులు ఒకసారి వదిలేశాయి. దీవెన కళ్లు మూసుకుని తెరిచి, మళ్ళీ పట్టుకుంది. ఒక్క మలుపు తిరిగింది. నీరజ గాలిలో లేచి, నీలం చాప మీద చదునుగా పడి, దెబ్బ తగలకుండా మాస్టారు నేర్పినట్టు అరచేత్తో చాపను ఫట్‌మని చరిచింది. గోడౌనంతా మోగింది. దూలాల మీంచి పాత తవుడు ధూళి ఎండలో బంగారంలా రాలింది.

"బాగా పడేశావక్కా!" అంది నీరజ, పడుకునే నవ్వుతూ.

దీవెన చెయ్యిచ్చి ఆమెను లేపింది.